నేలమాళిగలో మరియమాత: 115వ వీధి పండుగ ఎవరిదన్న తగవు వెనుక

న్యూయార్కు నగరం ఈస్ట్ హార్లెమ్‌లోని 115వ వీధిలో ఉన్న కార్మెల్ మాత (మరియమాతకే ఒక పేరు) గుడికి పండుగ రోజైన జూలై 16 దగ్గర పడుతున్నదంటే చాలు, ఈ పండుగ ఎవరిదన్న పాత తగవు మళ్లీ రేగుతుంది. ముత్తాతల నాడు దానిని మోసుకొచ్చిన ఇటాలియన్లదా, ఇప్పుడు ఊరేగింపు నిండా కనిపించే హైతీవారిదా? దక్షిణ ఇటలీలో సలెర్నో ప్రాంతపు పొల్లా అనే ఊరి నుంచి వచ్చినవారు 1881లో ఇక్కడ సంఘం పెట్టుకొని, తమ ఊరి మాత పేరిట మరుసటి ఏడాది పండుగ ఆరంభించిన వైనం చాలామంది ఎరిగినదే కనుక దానిని మళ్లీ ఏకరువు పెట్టనక్కరలేదు. నేటి తగవుకు మూలం గుడి పుట్టుకలో కంటే గుడి నేలమాళిగలో ఎక్కువగా దొరుకుతుంది.

ఆ గుడి పని 1884లో మొదలైంది. పగలంతా కూలికి పోయిన ఇటాలియన్ మగవారు రాత్రిపూట వచ్చి పునాదులు తవ్వారు, పాత సామాను కొనుక్కొని బతికేవారు తమ బళ్లను ఆ పనికి ఇచ్చారు. తీరా కట్టడం పూర్తయ్యాక పై అంతస్తు ఐరిష్, జర్మన్ విశ్వాసుల పాలైంది. తవ్విన చేతులవారికి, వారి మాతకు కింది అంతస్తు మిగిలింది. అప్పటి న్యూయార్కు అగ్రపీఠంలో, అంటే అక్కడి ఆర్చిబిషప్పు పాలనలోని గుళ్లలో, ఇది ఒక్క గుడికి పరిమితమైన ఏర్పాటు కాదు. కానుకల పళ్లెంలో పెద్దగా వేయనివారు, పూజకన్నా ఊరేగింపు మీదనే మనసున్నవారు అని ఇటాలియన్ల గురించి ఐరిష్ గురువులకు (ఫాదరీలకు) గట్టి అభిప్రాయం ఉండేది, ఆ అభిప్రాయం వారిని మెట్ల కిందనే ఉంచింది.

ఆ మెట్ల కింద జరిగిన భక్తిని కొంత దగ్గరగా చూడాలి. మొక్కుకున్నవారు బ్రూక్లిన్ నుంచీ, ఇంకా దూరపు పేటల నుంచీ చెప్పుల్లేకుండా రాత్రంతా నడిచి వచ్చేవారు. కాలు నయమైతే మైనపు కాలు, గుండె నయమైతే మైనపు గుండె కొని మాత ముందు పెట్టేవారు; కోలుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బరువు కొవ్వొత్తి సమర్పించేవారూ ఉండేవారు. కొందరు స్త్రీలు నాలుకను నేలకు రాస్తూ మాత స్వరూపం (విగ్రహం) దాకా పాకేవారు, కాలక్రమంలో గురువులు ఆ అలవాటును మాన్పించారు. గుణదల కొండ దగ్గర తలనీలాలిచ్చి కొబ్బరికాయ కొట్టే జనాన్ని చూసిన తెలుగువారికి ఇందులో చివరి సంగతి తప్ప ఏదీ వింతగా తోచదు.

1904లో పోపు అనుమతితో ఈ మాతకు కిరీటధారణ జరిగింది. అమెరికా ఖండాలలో అప్పటికి మెక్సికోలోని గ్వాదలూపే మాత వంటి కొందరికి మాత్రమే దక్కిన గౌరవమది. కిరీటానికి కావలసిన బంగారం పేటలోని ఆడవారి ఉంగరాల నుంచీ, చెవిపోగుల నుంచీ వచ్చింది. ఇంత జరిగిన తరువాత కూడా, కిరీటం పెట్టుకున్న మాత నేలమాళిగలోనే ఉండిపోయింది. స్వరూపం పై గుడిలోని ప్రధాన పీఠం మీదికి చేరింది 1923లో, అంటే కిరీటం వచ్చిన 19 ఏళ్లకు! రోము నుంచి వచ్చిన మర్యాద ఒక మెట్ల వరుస ఎక్కడానికి అంతకాలం పట్టడమే, నా లెక్కలో, తరువాతి చరిత్రకంతటికీ తాళంచెవి. ఆ మరుసటి ఏడాదే, 1924లో, కొత్త వలస చట్టం ఇటలీకి ఏటా 3,845 మందినే కేటాయించి తలుపు దాదాపుగా మూసేసింది. మాత పైకి ఎక్కింది, ఊరి నుంచి రాకలు ఆగిపోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పాత ఇళ్లను కూలగొట్టి ప్రభుత్వ గృహసముదాయాలు కట్టడంతో ఇటాలియన్ కుటుంబాలు బ్రాంక్స్‌కూ న్యూజెర్సీకీ తరలిపోయి, ఏటా జూలైలో మాత్రమే తిరిగివచ్చే యాత్రికులయ్యాయి. ఖాళీ అయిన ఇళ్లలోకి స్పానిష్ మాట్లాడే ప్యూర్టోరికన్లు వచ్చారు. వారూ కథోలికులే, కార్మెల్ మాత వారికీ తల్లే. అయినా పండుగలో వారికి చోటు చిక్కలేదు. తమ పెద్దలను మెట్ల కింద కూర్చోబెట్టిన చూపుతోనే ఇటాలియన్లు వారిని చూశారన్నమాట కఠినంగా వినిపించవచ్చు గాని, ఆ కాలాన్ని పరిశీలించినవారి రాతలు అటే మొగ్గుతున్నాయి.

హైతీవారి సంగతి వేరు. 1957లో హైతీలో నియంత దువాలియే పాలన మొదలైన తరువాత వలస వచ్చినవారు ఈ గుడిని వెతుక్కుంటూ వచ్చారు. వారి దేశంలో సోదో జలపాతం దగ్గర, 19వ శతాబ్ది మధ్యలో మాత తాళవృక్షం మీద దర్శనమిచ్చిందన్న చోటుకు సరిగ్గా జూలై 16నే వేలమంది యాత్ర చేస్తారు. పాస్‌పోర్టో డబ్బో లేక ఆ జలపాతానికి వెళ్లలేనివారికి 115వ వీధే సోదో అయింది. నీలం దుస్తులతో వచ్చి, క్రియోల్ భాషలో పాడుతూ, జబ్బుపడిన బిడ్డల కోసం కొవ్వొత్తులు వెలిగించే ఈ స్త్రీలను చూస్తే 1890ల నేలమాళిగ గుర్తుకు రాకమానదు. కొందరి మనసులో మాతతో పాటు హైతీవారి సంప్రదాయ మతమైన వోడూలోని దేవత ఎజిలి కూడా ఉంటుందన్నది గురువులకు కొంత ఇబ్బంది కలిగించే విషయమే. నాలుక రాసిన ఇటాలియన్ అవ్వ కూడా వారికి అంతే ఇబ్బందిగా తోచింది.

పాత కుటుంబాల వాదనలో బలం లేదనలేము. ఆగస్టు రెండో ఆదివారం ఇటలీలోని బ్రుషానో ఊరి సంప్రదాయం ప్రకారం పునీత పాదువాపురి అంతోనివారి పేరిట వందమందికి పైగా భుజాలు కలిపి, బ్యాండుతో సహా జిల్యో అనే ఎత్తైన గోపురాన్ని ఈ వీధుల్లోనే ఆడిస్తారు. ఆ భుజం తండ్రి నుంచి కొడుకుకు వస్తుంది. ఆ మోత ముగిశాక చాలామంది కార్లెక్కి నది దాటి తమ ఇళ్లకు పోతారు. జూలైలో హైతీవారు కూడా బ్రూక్లిన్, క్వీన్స్ దారి పడతారు. పండుగ ఎవరిదన్న తగవులో, ఆ రాత్రికీ మరునాటికీ ఆ వీధిలోనే కాపురముండే స్పానిష్ మాట్లాడేవారి పేరు వినిపించడం బహు అరుదు.