ఆసన్నం: చేరువలో కూర్చున్న మాట

లెక్కల్లో ‘ఆసన్న కోణాలు’ చదువుకునే ఉంటారు. బడి దాటాక ఆ మాట వినేది ‘సమయం ఆసన్నమైంది’ అన్నప్పుడే. పక్కింటిని ఆసన్న గృహం అంటే నవ్వుతారు.

చూడగానే ‘ఆసనం’ గుర్తొస్తుంది. రెండింట్లోనూ కూర్చోవడమే ఉంది కానీ ధాతువులు వేరు. ఆసనం ‘ఆస్’ నుంచి, ఆసన్నం ‘సద్’ నుంచి వచ్చాయి. సద్ ముందు ‘ఆ’ చేరితే దగ్గరికి చేరడం, చేరువలో కూర్చోవడం. చివర ‘న’ తగలగానే దకారం కూడా నకారమై ‘సన్న’ అయింది, ఛిద్ ఛిన్నమైనట్టు, భిద్ భిన్నమైనట్టు. (మన సన్నజాజిలోని ‘సన్న’కూ దీనికీ చుట్టరికం లేదు.) సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు అన్నీ ఈ సద్ సంతానమే. విషాదం కూడా! అక్కడ కూర్చోవడం కాస్తా కుంగిపోవడమైంది. ఇంగ్లిష్ ‘సిట్’ దూరపు బంధువు.

అదే ఇంగ్లిష్‌లోని ‘అడ్జసెంట్’ లాటిన్ సొత్తు. దాని అర్థం పక్కన పడి ఉండటం. సంస్కృతం కూర్చుంటే లాటిన్ పడుకుంది. తెలుగు మాత్రం ‘ఆనుకుని’ ఉంటుంది. నాకు ఇదే గట్టి మాట అనిపిస్తుంది, ఎందుకంటే తాకకుండా ఆనుకోవడం కుదరదు. ఆసన్నానికి ఆ పట్టింపు లేదు.

కోణాల దగ్గర మాత్రం పట్టింపు ఉంది. ఒక బిందువు నుంచి వరసగా మూడు గీతలు గీయండి. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఒక కోణం, రెండోదానికీ మూడోదానికీ మధ్య ఇంకో కోణం. నడిమి గీత ఇద్దరిదీ, రెండిళ్లకు ఒకటే గోడలాగా. ఇవి ఆసన్న కోణాలు. మొదటి గీతకూ మూడోదానికీ మధ్య ఉన్న పెద్ద కోణం కూడా మొదటి కోణంతో శీర్షాన్నీ ఒక భుజాన్నీ పంచుకుంటుంది. అయినా వీటిని ఆసన్నం అనరు. అది పక్కన లేదు, దీన్ని మింగేసి కూర్చుంది.

ఇదే మాటను ఆర్యభట క్రీ.శ. 499లో ఇంకోలా వాడాడు. వృత్తం వ్యాసం 20,000 అయితే పరిధి 62,832 అని చెప్పి, దానికి ‘ఆసన్నం’ అని చేర్చాడు. అంటే పై (π) విలువ 3.1416. నిజమైన పరిధి 62,831.85 దగ్గర ఉంటుంది, తేడా ఒకటి కూడా లేదు. అసలు విలువ చెప్పకుండా ఆసన్నం అని ఎందుకన్నాడు? అది చెప్పడం కుదరదు కాబట్టే అని దాదాపు వెయ్యేళ్ల తర్వాత కేరళ గణితవేత్త నీలకంఠ సోమయాజి వ్యాఖ్యానించాడు. π కరణీయ సంఖ్య అని, అంటే రెండు పూర్ణసంఖ్యల భిన్నంగా రాయలేమని, గణితవేత్త లాంబర్ట్ నిరూపించింది 18వ శతాబ్దంలో. ఆర్యభటకు అదంతా ముందే తెలుసనడం ఒక్క మాట మీద మరీ బరువు పెట్టడమే.