పై మెట్టు తీయాలా, కింది మెట్టు తీయాలా: అమెరికా బడుల్లో ఆనర్స్ క్లాసుల తగవు ఎక్కడ మొదలైంది

జనవరి చివరికి వచ్చేసరికి ఫ్రిస్కోలో, ఫ్రీమాంట్‌లో, ఎడిసన్‌లో ఉన్న తెలుగు ఇళ్లలో ఒక టెన్షన్ మొదలవుతుంది. వచ్చే ఏడాది పిల్లలు ఏ క్లాసులు తీసుకుంటారో బడికి చెప్పాల్సిన సమయం అది. లెక్కల్లో మామూలు క్లాసా, ఆనర్సా? సైన్స్‌కు టీచర్ సిఫారసు చేశారా? పక్కింటి పిల్ల ఎనిమిదిలోనే ఆల్జీబ్రా చదువుతోందట, మన పిల్ల సంగతి ఏమిటి?

ఆనర్స్ అంటే అదే సబ్జెక్టును ఇంకొంచెం వేగంగా, ఇంకొంచెం లోతుగా చెప్పే క్లాసు. చాలా హైస్కూళ్లలో మామూలు క్లాసులో ఎ గ్రేడుకు 4 పాయింట్లు వస్తే ఆనర్స్‌లో 4.5, కొన్నిచోట్ల 5 ఇస్తారు. కాలేజీ దరఖాస్తులో ఆ తేడా కనిపిస్తుంది. అందుకే బడి ఆ క్లాసును ఎత్తేస్తే తల్లిదండ్రులు ఊరుకోరు. లాస్ ఏంజెలెస్ పక్కనున్న కల్వర్ సిటీ హైస్కూల్ 9, 10 తరగతులకు ఇంగ్లిష్ ఆనర్స్ తీసేసినప్పుడు అదే జరిగింది. బడిలో నల్లజాతి, లాటినో పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆనర్స్ గదుల్లో అంతకు తగ్గట్టు లేరు, అందుకే తీసేశాం అని బడి చెప్పింది. 2023 మొదట్లో అది దేశమంతా వార్తయింది.

వార్తల్లో చూస్తే ఇది నిన్నమొన్న పుట్టిన రాజకీయంలా కనిపిస్తుంది. ఒక పక్క సమానత్వం, ఇంకో పక్క ప్రతిభ, మధ్యలో అరుపులు. నిజానికి ఈ ప్రశ్నకు 130 ఏళ్లు దాటాయి. దాని కథ తెలిస్తే ఇప్పటి వాదనలో ఏది గట్టిదో ఏది తాలో కొంత తేలుతుంది.

1892లో అమెరికా ఉపాధ్యాయ సంఘం పదిమందితో ఒక కమిటీ వేసింది. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ దానికి పెద్ద. హైస్కూల్లో ఏం నేర్పాలి అన్నదానికి మరుసటి ఏడాది వాళ్లిచ్చిన జవాబు ఇప్పుడు చదివినా ఆశ్చర్యంగా ఉంటుంది: కాలేజీకి వెళ్లేవాడికీ వెళ్లనివాడికీ ఒక సబ్జెక్టును ఒకేలా నేర్పాలి. అప్పుడు హైస్కూలు దాకా వచ్చేవాళ్లు చాలా తక్కువమంది కాబట్టి అలా అనడం తేలికే కావచ్చు. తర్వాత పాతికేళ్లలో వలస కుటుంబాల పిల్లలు, కూలివాళ్ల పిల్లలు పెద్ద సంఖ్యలో బడికి వచ్చారు. వాళ్లు రాగానే ఆ మాట మారిపోయింది. 1917లో వృత్తి విద్యకు కేంద్రం డబ్బిచ్చే చట్టం వచ్చింది. అదే ఏడాది సైన్యం లక్షల మంది సైనికులకు తెలివితేటల పరీక్షలు పెట్టడం మొదలుపెట్టింది. యుద్ధం అయ్యాక ఆ పరీక్షలు బడుల్లోకి వచ్చాయి. స్టాన్‌ఫర్డ్‌లో అలాంటి పరీక్షలను తయారుచేసిన లూయిస్ టర్మన్, తక్కువ మార్కులొచ్చిన పిల్లలను వేరే గదుల్లో పెట్టాలని బాహాటంగా రాశారు. ఆ మార్కులను ఆయన పుట్టుకతో, జాతితో ముడిపెట్టారు. పిల్లలను బుద్ధిని బట్టి దారులుగా విడగొట్టే పద్ధతికి ట్రాకింగ్ అన్న పేరు, దానికో శాస్త్రం ముసుగు అలా వచ్చాయి.

ఈ చరిత్రలో అందరూ ఒకసారి ఆగి చూడాల్సిన చోటు వాషింగ్టన్ నగరం అని నాకనిపిస్తుంది.

1954 మే 17న రాష్ట్రాల బడుల్లో జాతి విభజన చెల్లదంటూ బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది. అదే రోజు ఇంకో తీర్పుతో రాజధానిలోనూ తెల్లవాళ్ల బడి, నల్లవాళ్ల బడి అన్న విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. బడులు కలిశాయి. రెండేళ్లకే, 1956లో, అక్కడి హైస్కూళ్లలో పిల్లలను నాలుగు దారులుగా విడగొట్టారు: ఆనర్స్, కాలేజీకి సిద్ధంచేసే రెగ్యులర్, జనరల్, అన్నిటికన్నా కింద బేసిక్. 1959 కల్లా ఈ పద్ధతి చిన్న తరగతులకు కూడా పాకింది. దీన్ని తెచ్చిన అక్కడి బడుల అధికారి కార్ల్ హాన్సెన్ విలన్ కాదు. బడులు కలవాలని కోరుకున్న మనిషే ఆయన. ఒకే గదిలో ఇంత తేడా ఉన్న పిల్లలకు ఎలా చెప్పాలి అని టీచర్లు అడిగినదానికి ఇది జవాబని ఆయన నిజంగా నమ్మారు.

అయినా ఫలితం ఏమైంది? బడి గేటు దగ్గర తీసేసిన గోడ లోపల గదుల మధ్య మళ్లీ లేచింది. కింది దారుల్లో ఎక్కువగా పేద నల్లజాతి పిల్లలు, పై దారిలో కలిగినవాళ్ల పిల్లలు. జూలియస్ హాబ్సన్ అనే ప్రభుత్వోద్యోగి దీనిమీద కోర్టుకెళ్లారు. ఆయన లెక్కల మనిషి. ఏ బడికి తలకు ఎంత ఖర్చు పెడుతున్నారు, ఏ దారిలో ఎవరున్నారు అని అంకెలు పోగేసి కోర్టు ముందు పెట్టారు. 1967 జూన్‌లో జడ్జి స్కెల్లీ రైట్ ఆ పద్ధతిని కొట్టేశారు. పిల్లలను విడగొట్టడానికి వాడిన పరీక్షలు తెల్లజాతి మధ్యతరగతి పిల్లలను కొలబద్దగా పెట్టుకుని తయారయ్యాయని ఆయన అన్నారు. అట్టడుగు దారికి పంపిన, పంపబోతున్న 1,272 మంది పిల్లలను నిపుణులు మళ్లీ పరీక్షిస్తే 820 మందిని తప్పుగా అంచనా వేశారని తేలిన విషయం ఆ తీర్పులోనే ఉంది. దాదాపు మూడింట రెండు వంతులు! ఆ 820 మందిలో ఎవరి కొడుకో, ఎవరి కూతురో ఉన్నారు కదా అనుకుంటే గుండె బరువెక్కుతుంది.

పై క్లాసు ఉండటమే నేరం అని ఆ తీర్పు అనలేదు. కింద పడ్డ పిల్లకు మళ్లీ పైకొచ్చే దారి లేదని, వెనకబడ్డ పిల్లలకు అందాల్సిన అదనపు సాయం అందలేదని అంది. నా దృష్టిలో ఇప్పటి వాదనకు కూడా ఇదే మూలం. అప్పీలుకు వెళ్లకూడదని స్కూల్ బోర్డు నిర్ణయించింది, హాన్సెన్ రాజీనామా చేశారు.

ఈలోగా దేశం మనసు ఇంకో వైపు మళ్లింది. 1957లో రష్యా స్పుత్నిక్ పంపింది. మరుసటి ఏడాదే చురుకైన పిల్లలను పరీక్షలతో ఏరి పట్టుకోవడానికి కేంద్రం బడులకు డబ్బిచ్చింది. మన ఇళ్లలో ఏపీ క్లాసులు అని పిలుచుకునే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు కూడా ఆ దశాబ్దంలో మొదలైనవే.

1982లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో ఒక తండ్రి తన కూతురు చదివే బడిలో ఎనిమిదో తరగతికి ఆల్జీబ్రా లేదని గమనించారు. ఆయన పేరు బాబ్ మోజెస్. 1960ల్లో మిసిసిపీలో నల్లజాతి వాళ్లను ఓటర్లుగా చేర్పించడానికి దెబ్బలు తిన్న మనిషి. కూతురికి ఇంట్లో చెప్పుకుని సరిపెట్టుకోవచ్చు. ఆయన అలా చేయకుండా ఆ బడికే వెళ్లి పిల్లలకు ఆల్జీబ్రా చెప్పడం మొదలుపెట్టారు. అది ఆల్జీబ్రా ప్రాజెక్టుగా చాలా రాష్ట్రాలకు వెళ్లింది. ఒకప్పుడు ఓటు ఎంతో ఈ కాలంలో లెక్కలు అంత అన్నది ఆయన వాదన. ఎనిమిదిలో ఆల్జీబ్రా రాని పిల్ల మామూలు వరసలో వెళ్తే పన్నెండులో క్యాల్క్యులస్ దాకా చేరదు. ఇంజినీరింగ్, సైన్స్ సీట్ల దగ్గర ఆ లోటు తెలుస్తుంది. అంటే పదమూడేళ్ల పిల్ల విషయంలో ఎవరో తీసుకున్న నిర్ణయం పద్దెనిమిదేళ్లకు బయటపడుతుంది.

1985లో జీనీ ఓక్స్ అనే పరిశోధకురాలు 25 బడులను చూసి రాసిన పుస్తకం ఈ చర్చకు కొత్త ఊపు తెచ్చింది. పై క్లాసుల్లో పిల్లలకు ఆలోచించడం నేర్పుతున్నారని, కింది క్లాసుల్లో వర్క్‌షీట్లు నింపడం, చెప్పినట్టు వినడం నేర్పుతున్నారని ఆమె చూపించారు. అక్కడినుంచి దారులు కలిపేయాలన్న ఉద్యమం, డీట్రాకింగ్, మొదలైంది. ఎలా కలపాలి అన్నచోటే దారులు చీలాయి.

న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో రాక్‌విల్ సెంటర్ అనే ఊరుంది. అక్కడ 1990ల నడుమ నుంచి మిడిల్ స్కూల్ పిల్లలందరికీ వేగం లెక్కలే పెట్టారు, అంటే ఎనిమిదిలో అందరికీ ఆల్జీబ్రా. వాళ్లు తీసేసింది కింది క్లాసును. పై క్లాసు పాఠాన్నే అందరికీ ఇచ్చి, తడబడే పిల్లలకు రోజు విడిచి రోజు ఇంకో అదనపు పీరియడ్ పెట్టారు. 2000లో అక్కడ నల్లజాతి, హిస్పానిక్ విద్యార్థుల్లో 32 శాతం మందికే రాష్ట్ర పరీక్షలు పాసైతే ఇచ్చే రీజెంట్స్ డిప్లొమా వచ్చింది. 2003లో అది 82 శాతం. తెల్లజాతి, ఏషియన్ పిల్లలు కూడా 88 నుంచి 97కు పెరిగారు. డబ్బున్న స్కూల్ డిస్ట్రిక్టు కాబట్టి అది కుదిరింది అనేవాళ్లున్నారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. అదనపు పీరియడ్‌కు అదనపు టీచర్ కావాలి, టీచర్‌కు జీతం కావాలి.

షికాగో అనుభవం అదే చెబుతుంది. 1997లో అక్కడ తొమ్మిదో తరగతిలో అందరికీ ఆల్జీబ్రా తప్పనిసరి చేశారు, తగినంత సాయం ఇవ్వలేదు. ఫెయిలయ్యేవాళ్లు పెరిగారు, పరీక్షల్లో మార్కులు పెరగలేదు. 2003లో వెనకబడ్డ పిల్లలకు రెండు పీరియడ్ల ఆల్జీబ్రా పెట్టారు. ఆ పిల్లల్లో హైస్కూల్ పూర్తిచేసినవాళ్లు, కాలేజీలో చేరినవాళ్లు పెరిగారని తర్వాతి పరిశోధనలో తేలింది.

శాన్ ఫ్రాన్సిస్కో ఇంకో దారి పట్టింది. 2014లో అక్కడి స్కూల్ బోర్డు ఎనిమిదో తరగతి ఆల్జీబ్రానే తీసేసింది. అందరూ తొమ్మిదిలోనే మొదలుపెట్టాలి. అంతకుముందు ఎనిమిదిలో ఆల్జీబ్రా చదివి ఫెయిలై, మళ్లీ అదే క్లాసులో కూర్చునే పిల్లలు చాలామంది ఉండేవారు. వాళ్లలో నల్లజాతి, లాటినో పిల్లలు ఎక్కువ. వాళ్ల మీద బోర్డు బాధ నిజమైనదే. కానీ చేసింది ఏమిటి? మెట్టు ఎక్కలేకపోతున్నారని మెట్టే తీసేశారు. డబ్బున్న కుటుంబాలు ఆన్‌లైన్‌లో ప్రైవేటు ఆల్జీబ్రా కొన్నాయి, లేదా ఒకే ఏడాది రెండు లెక్కల క్లాసులు చేయించాయి. ఆ దారులు తెలియని ఇంట్లో పిల్లకు బడిలో దొరికేదే దిక్కు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూసేసరికి పై స్థాయి లెక్కల్లో జాతుల మధ్య తేడా అలాగే ఉంది. 2024 ఫిబ్రవరిలో ఆల్జీబ్రాను ఎనిమిదికి తిరిగి తేవాలని బోర్డు తీర్మానించింది. మార్చిలో నగర ఓటర్లు 80 శాతానికి పైగా అదే కోరుకున్నారు.

దాదాపు అదే కాలంలో వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్‌లో థామస్ జెఫర్సన్ హైస్కూల్ వివాదం నడిచింది. అది క్లాసుల గొడవ కాదు, బడిలో ప్రవేశం గొడవ. ఉత్తర వర్జీనియాలో మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి చెప్పక తప్పదు. 2020లో ప్రవేశ పరీక్ష తీసేసి, ప్రతి మిడిల్ స్కూలుకు కొన్ని సీట్లు కేటాయించారు. ఏషియన్ విద్యార్థులు 73 శాతం నుంచి 54కు తగ్గారు. అంతకుముందు ఒక శాతం కూడా లేని పేద కుటుంబాల పిల్లలు పాతిక శాతానికి వచ్చారు. తల్లిదండ్రులు వేసిన కేసులో జిల్లా కోర్టు వాళ్లవైపు, 2023లో అప్పీలు కోర్టు బడివైపు తీర్పిచ్చాయి. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు.

ఇక్కడ మనవాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. మనలో చాలామంది మార్కులను బట్టి సెక్షన్లు పంచిన ఇంటర్ కాలేజీల్లో చదివి వచ్చాం. మొదటి సెక్షన్‌కు మంచి లెక్చరర్లు, చివరి సెక్షన్‌కు ఎవరు దొరికితే వాళ్లు. మొదటి సెక్షన్‌లో ఉన్నవాళ్లే ఎక్కువగా ఇక్కడిదాకా వచ్చారు. అందుకే ఆ పద్ధతి మనకు సహజంగా కనిపిస్తుంది. చివరి సెక్షన్‌లో కూర్చున్న మన స్నేహితుల ముఖాలు గుర్తు తెచ్చుకుంటే హాబ్సన్ ఎందుకు కోర్టుకెక్కారో అర్థమవుతుంది. అలాగని బిడ్డకు ఇష్టమైన లెక్కలు బడిలో దొరకాలని కోరుకునే తల్లిని స్వార్థపరురాలు అనడం కూడా అన్యాయమే.

పై క్లాసును ఉంచుతూనే దాని తలుపు ఎవరు తీస్తారన్నది మార్చిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఫ్లోరిడాలోని బ్రోవార్డ్ కౌంటీలో ఒకప్పుడు చురుకైన పిల్లలకు పెట్టే గిఫ్టెడ్ క్లాసుకు టీచరో తల్లిదండ్రులో పేరు చెప్పాలి. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ ఒక చిన్న పరీక్ష పెట్టారు. గిఫ్టెడ్‌గా గుర్తించిన హిస్పానిక్ పిల్లలు 2 శాతం నుంచి 6కు, నల్లజాతి పిల్లలు 1 నుంచి 3కు పెరిగారు. ఆ పిల్లలు అంతకుముందు కూడా అక్కడే ఉన్నారు, ఎవరూ వాళ్ల పేరు చెప్పలేదు, అంతే. తర్వాత డబ్బు లేదని ఆ కార్యక్రమాన్ని ఆపేశారు.

నార్త్ కరోలినా 2018లో ఒక చట్టం చేసింది: లెక్కల పరీక్షలో పై స్థాయి మార్కులొచ్చిన పిల్లను పై క్లాసులోనే వేయాలి. టెక్సస్ 2023లో అదే దారిలో నడిచింది. అయిదో తరగతి రాష్ట్ర పరీక్షలో పై 40 శాతంలో ఉన్న ప్రతి పిల్ల పేరూ ఆరో తరగతిలో పై లెక్కల క్లాసుకు దానంతటదే వెళ్తుంది. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. కావాలనుకున్నవాళ్లు అడగాల్సిన పద్ధతి పోయి, వద్దనుకున్నవాళ్లు చెప్పాల్సిన పద్ధతి వచ్చింది. అడగడం తెలియని ఇంటికి, ఇంగ్లిష్‌లో ఉత్తరం రాయలేని అమ్మకు ఇది ఎంత పెద్ద మార్పో చెప్పలేను. డాలస్ డిస్ట్రిక్టు అంతకు నాలుగేళ్ల ముందే ఈ పద్ధతి పెట్టింది. ఎనిమిదిలో ఆల్జీబ్రా తీసుకునే పిల్లలు అక్కడ అయిదో వంతు నుంచి సగానికి పైగా పెరిగారు.

బాబ్ మోజెస్ 2021 జులైలో చనిపోయారు. ఆయన మొదలుపెట్టిన కేంబ్రిడ్జిలోనే అంతకు కొన్నేళ్ల ముందు నుంచి మిడిల్ స్కూళ్లలో పై లెక్కల క్లాసులు తీసేస్తూ వచ్చారు, సమానత్వం కోసమే. తల్లిదండ్రులు పట్టుబట్టారు. 2025 కల్లా ఎనిమిదో తరగతి పిల్లలందరికీ ఆల్జీబ్రా నేర్పుతామని 2023లో ఆ డిస్ట్రిక్టు ప్రకటించింది. 1982లో ఆయన ఆ బడి మెట్లెక్కి అడిగింది కూడా అదే.