‘ఏ ఆపరేషన్ అక్కా?’: గర్భసంచి సర్వేల మీద అపోహలు, వాస్తవాలు

నేను కమ్యూనిటీ మెడిసిన్ డాక్టర్ని. స్టెతస్కోప్ కన్నా ప్రశ్నావళి పట్టుకుని తిరిగిందే ఎక్కువ. నెలసరి, కాన్పులు, గర్భసంచి జబ్బుల గురించి ఇంటింటికీ వెళ్లి అడగడం, అవి ఎవరికి, ఏ వయసులో, ఎందుకు వస్తున్నాయో లెక్క తేల్చడం నా పని. చుట్టాల పెళ్లిళ్లలోనూ తోటి డాక్టర్ల నోటా తరచూ వినే మాటలు కొన్ని చెప్తాను.

అపోహ: "ఆపరేషన్ అయిందా?" అని అడిగి టిక్కు పెట్టుకోవడమేగా, దీనికి రీసెర్చ్ అని పేరెందుకు?

తప్పులన్నీ ఆ టిక్కు దగ్గరే జరుగుతాయి. మన ఊళ్లలో ఆపరేషన్ అంటే మూడు రకాలు: పిల్లలు పుట్టకుండా చేసేది, సిజేరియన్, గర్భసంచి తీసేసేది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల పెళ్లయిన ఆడవాళ్లలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఆంధ్రాలో దాదాపు 70 శాతం, తెలంగాణలో 62 శాతం. తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం పైగా సిజేరియన్లే. ఏ గడప ఎక్కి అడిగినా "అయింది" అనే జవాబే వస్తుంది.

నల్గొండ వైపు ఒక ఊళ్లో మా ఇన్వెస్టిగేటర్ అమ్మాయి ఆ జవాబు వినగానే కుటుంబ నియంత్రణ గడిలో టిక్కు పెట్టి ముందుకెళ్లిపోయింది. నేను ఆపి "ఏ ఆపరేషన్ అక్కా?" అన్నాను.

"పిల్లలు కాకుంట చేసేది గద మేడమ్. దాని తర్వాత సంచి గూడ తీసేసిండ్రు. అది గూడ చెప్పాల్నా?"

ఎప్పుడంటే గుర్తులేదు. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, పుష్కరాలు గుర్తుంటాయి. "కృష్ణా పుష్కరాలకు ముందా, తర్వాతా?" అని అడిగాను. "వాడపల్లి పోయి మునిగొచ్చినం, ఆ చలికాలమే." అంటే 2016 చివర. ఇక వయసు. ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది. చాలామందికి అదే ఉంటుంది కాబట్టి నమ్మం. పెద్దకూతురి పదో తరగతి మెమో తెప్పించి, ఆ పిల్ల పుట్టేనాటికి తనకెన్నేళ్లో అడిగి లెక్కకట్టాం. ఆపరేషన్ నాటికి ముప్పై రెండు. ఒక్క గడి నింపడానికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఇంకోటి, అత్తగారు పక్కన కూర్చుంటే ఏ కోడలికీ తెల్లబట్ట ఉండదు. ఆవిడ మంచినీళ్లకని లోపలికి వెళ్తే అప్పుడు ఉంటుంది.

అపోహ: మన ఆడవాళ్ల గర్భసంచులే బలహీనం, అందుకే ఇన్ని ఆపరేషన్లు.

అదే జాతీయ సర్వేలో 15-49 ఏళ్ల మధ్య గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.3 శాతం. ఆంధ్రాలో 8.7, తెలంగాణలో 8.2. ఈ లెక్కలో పదిహేనేళ్ల పిల్లలు కూడా ఉన్నారు కాబట్టే చిన్నగా కనిపిస్తోంది. నలభై దాటినవాళ్లను విడిగా చూస్తే శాతం చాలా పైకి పోతుంది. ఒక్క జబ్బే కారణమైతే రాష్ట్రాల మధ్య ఇంత తేడా ఎలా వస్తుంది? చిన్న వయసులో పెళ్లి, పాతికలోపే ఇద్దరు పిల్లలు, వెంటనే పిల్లల ఆపరేషన్. ఆ తర్వాత కడుపునొప్పి అని వెళ్తే "పిల్లలయ్యారు కదమ్మా, ఇంక దాంతో పనేముంది" అనే మాట. జబ్బు కన్నా ఈ మాటే ఎక్కువ ఆపరేషన్లు చేయిస్తోందని నా అభిప్రాయం. అనవసర ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలు అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పాల్సి వచ్చింది.

అపోహ: ఆస్పత్రి రికార్డులుండగా ఊళ్లు తిరగడం దేనికి?

ఆస్పత్రి పుస్తకంలో వచ్చినవాళ్ల పేర్లే ఉంటాయి. ప్రాణహిత అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు ఊళ్లలో 650 మంది ఆడవాళ్లను పరీక్షించి 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. నూటికి 92 మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ జబ్బు ఉంది. అంతకుముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి 8 మంది. మిగతావాళ్లు ఏ రికార్డులో దొరుకుతారు?

అపోహ: తెల్లబట్ట అవుతోందంటే సంచి పాడైనట్టే, తీయకపోతే క్యాన్సర్.

కాదు. కొంత తెల్లబట్ట మామూలే. దుర్వాసన, దురద ఉంటే ఇన్ఫెక్షన్, దానికి మందులున్నాయి. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్. అది ముదరడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది, ఈలోపు పట్టుకోవచ్చు. ముంబై బస్తీల్లో పదో తరగతి చదివిన ఆడవాళ్లకు శిక్షణనిచ్చి, వెనిగర్ లాంటి ద్రావణంతో పరీక్ష చేయిస్తే ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. లక్షన్నర మందితో, పన్నెండేళ్లు చూసి తేల్చిన సంగతి ఇది. 2019-21 జాతీయ సర్వే నాటికి మన దేశంలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు 2 శాతం కూడా లేరు.

అపోహ: సంచి తీయించుకున్నవాళ్లలో బీపీ, షుగర్ ఎక్కువగా కనిపిస్తే, వాటికి ఆపరేషనే కారణం.

ఇది మా వాళ్లే చేసే తప్పు. ఆపరేషన్‌కు ముందే వాళ్ల బరువు, వయసు, ఆస్పత్రికి వెళ్లే అలవాటు వేరుగా ఉండొచ్చు. ముట్లుడిగాక హార్మోన్ మాత్రలు వాడేవాళ్లకు గుండెజబ్బు తక్కువని అమెరికాలో ఏళ్లపాటు సర్వేలు చెప్పాయి. తీరా 16,608 మందిని లాటరీ తీసినట్టు రెండు గుంపులు చేసి చూస్తే, ఆ మాత్రలు గుండెను కాపాడకపోగా రొమ్ము క్యాన్సర్ కొంత పెరిగింది. 2002లో ఆ ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. మాత్రలు కొనుక్కునేవాళ్లు మొదటి నుంచీ కలిగినవాళ్లు, ఒంటిమీద శ్రద్ధ ఉన్నవాళ్లు. ముందు సర్వేల్లో కనిపించిన లాభానికి ఒక కారణం అదే.

అపోహ: సంచి తీసినా, అండాశయాలు తీసినా ఒకటే.

ఒకటి కాదు. ముట్లుడగని వయసులో రెండు అండాశయాలూ తీసేస్తే హార్మోన్లు ఒక్కసారిగా పడిపోతాయి. వేడి ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం ముందే మొదలవుతాయి. అందుకే మా ప్రశ్నావళిలో ఇది విడి ప్రశ్న, ఎక్కువగా ‘తెలియదు’ అనే జవాబొచ్చే ప్రశ్న కూడా ఇదే.

నల్గొండ అక్కను కూడా అడిగాను. "సంచి ఒక్కటే అన్నరు" అంది. కాగితాలున్నాయా అంటే ట్రంకుపెట్టె అడుగు నుంచి స్కానింగ్ కవరు తీసింది. డిశ్చార్జి చీటీ ఇంగ్లిష్‌లో ఉంది. రెండు అండాశయాలూ తీసేసినట్టు రాసుంది. చదివి చెప్పాను.

"అందుకేనా మేడమ్, ముప్పయి మూడేండ్ల నుంచే ఒళ్లంత మంటలు?"

మా ఫారంలో ఆ ప్రశ్నకు గడి లేదు. పక్క మార్జిన్‌లో రాసుకున్నాను.