మరగని నీటిలో దాగిన వేడి

మైక్రోవేవ్ ఓవెన్‌లోంచి అప్పుడే బయటికి తీసిన కప్పులో నీరు అద్దంలా నిలకడగా ఉంటుంది. పైన ఒక్క బుడగైనా కనిపించదు. ఇంకా మరగలేదనుకుని, కాఫీ పొడి ఉన్న చెంచాను అందులో ముంచగానే ఆ నీరు ఒక్కసారిగా బుస్సుమని ఎగజిమ్మి, కప్పు మీదికి వంగిన ముఖం మీదా చెంచా పట్టుకున్న చేతి మీదా పడుతుంది. రెప్పపాటులో అంతా ముగిసిపోతుంది. ఓవెన్‌లో ఏ లోపమూ లేదు, కప్పూ పగలలేదు, అయినా మనిషి ఒళ్లు కాలింది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ ప్రమాదం గురించి వినియోగదారులను ప్రత్యేకంగా హెచ్చరించింది. చేతులూ ముఖమూ తీవ్రంగా కాలిన ఘటనలు తన దృష్టికి వచ్చాయని కూడా తెలిపింది.

ఈ ప్రమాదానికి మూలం, బుడగలు రాకపోతే నీరు మరిగేంత వేడెక్కలేదని మనకున్న గట్టి నమ్మకం. పొయ్యి మీద కాచినప్పుడు ఆ నమ్మకం దాదాపు ఎప్పుడూ వమ్ము కాదు. మైక్రోవేవ్‌లో మాత్రం అది మనల్ని మోసం చేయగలదు.

నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుందని బడిలో నేర్చుకున్న మాట తప్పు కాదు, కానీ అది సగం మాటే. సముద్రమట్టం వద్ద, ఆ ఉష్ణోగ్రతకు చేరిన నీటి బాష్పపీడనం, అంటే నీటి నుంచి పుట్టే ఆవిరి బయటికి నెట్టే ఒత్తిడి, బయటి గాలి పీడనంతో సమానమవుతుంది కాబట్టి, నీటి లోపల ఆవిరి బుడగ నిలిచే అవకాశం అక్కడి నుంచి మొదలవుతుంది. నిలవడం వేరు, పుట్టడం వేరు. బుడగ చుట్టూ ఉన్న నీరు తలతన్యత వల్ల, అంటే తన ఉపరితలాన్ని వీలైనంత కుదించుకునే గుణం వల్ల, దాన్ని అన్ని వైపుల నుంచీ లోపలికి నొక్కుతుంది. బుడగ ఎంత చిన్నదైతే ఆ నొక్కుడు అంత ఎక్కువ. మిల్లీమీటరులో వెయ్యో వంతు వ్యాసార్ధం ఉన్న బుడగను తీసుకుంటే, బయటి గాలి పీడనానికి అదనంగా దాదాపు మరో అంత పీడనం దాని మీద పడుతుంది. దాన్ని తట్టుకుని ఆ బుడగ నిలవాలంటే చుట్టూ ఉన్న నీరు 120 డిగ్రీలు దాటి ఉండాలి. అదే బుడగ పది రెట్లు పెద్దదైతే సుమారు 103 డిగ్రీలే చాలు. అంటే బుడగ ఏమీ లేని చోట నుంచి ఎదగలేదు, దానికి ఎవరో ముందే కొంత గూడు కట్టి పెట్టాలి. కప్పు లోపలి సన్నని గీతలో, గరుకు గుంటలో, నీటిలో తేలే ధూళి రేణువులో చిక్కుకున్న గాలే ఆ గూడు.

దీన్ని ఏ అపాయమూ లేకుండా చూడాలంటే గాజు గ్లాసులో సోడా పోసి కాసేపు గమనించండి. బుడగలు ద్రవమంతటా పుట్టవు. గ్లాసు గోడ మీద ఒకే బిందువు నుంచి, ముత్యాల సరంలా, ఒకదాని వెంట ఒకటి పైకి లేస్తుంటాయి. ఆ బిందువు దగ్గర కంటికి కనిపించని గీతో, అంటుకున్న నూలు పోగో ఉంటుంది. అలాంటివేవీ లేని నున్నని చోట గోడ ఖాళీగా ఉంటుంది. అక్కడ వాయువు లేక కాదు, బయటపడే దారి లేక.

పొయ్యి మీద గిన్నె అడుగు నీటికన్నా ఎక్కువ వేడిగా ఉంటుంది. లోహం ఉపరితలం సూక్ష్మంగా చూస్తే గరుకే. వేడి ఎక్కడ ఎక్కువో గూళ్లు కూడా అక్కడే ఉండటం వల్ల, నీరు 100 డిగ్రీలకు చేరేసరికి బుడగలు వాటంతటవే తెరలు తెరలుగా లేస్తాయి. మైక్రోవేవ్‌లో ఈ వరుస తలకిందులవుతుంది. మాగ్నెట్రాన్ అనే పరికరం వెలువరించే 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలు సెకనుకు 245 కోట్ల సార్లు ఊగుతుంటే, ఒక కొసన ధన, మరో కొసన రుణ స్వభావం ఉన్న నీటి అణువులు వాటిని అనుసరించి తిరగబోయి, పక్క అణువులతో ఒరుసుకుని వేడెక్కుతాయి. నీరు నేరుగా వేడెక్కుతుంది, కప్పుకు ఆ వేడి నీటి నుంచే అందుతుంది. అందువల్ల బుడగలు పుట్టవలసిన కప్పు గోడే అన్నిటికన్నా చల్లగా ఉండిపోతుంది. పైగా గాజు గాని, మెరుగు పూత వేసిన పింగాణీ గాని చాలా నున్నగా ఉంటాయి. కొత్త కప్పుల్లో గీతలు మరీ తక్కువ. అలా నీరు మరగకుండానే మరుగు స్థానాన్ని దాటిపోతుంది. దీన్నే అతితాపనం అంటారు.

పాత్రను బట్టి మరుగు స్థానం మారుతుందన్న సంగతి మైక్రోవేవ్ పుట్టకముందే తెలుసు. ఫ్రెంచి శాస్త్రవేత్త గే-లుసాక్ 19వ శతాబ్దం తొలినాళ్లలోనే, నీరు లోహ పాత్రలోకన్నా గాజు పాత్రలో ఒక డిగ్రీకి పైగా ఎక్కువ వేడి వద్ద మరుగుతోందని గుర్తించాడు. ఆ శతాబ్దం మధ్యలో లూయీ దుఫూర్ అనే స్విస్ శాస్త్రవేత్త నీటి చుక్కలను నూనెలో తేలియాడించి, ఏ ఘనపదార్థమూ తాకకుండా వేడి చేస్తే, అవి 170 డిగ్రీలు దాటినా ద్రవంగానే ఉండగలవని చూపించాడు. ఏదైనా గరుకైన వస్తువు తాకగానే చుక్క ఫట్టుమని ఆవిరయ్యేది. కప్పులో చెంచా చేసే పనీ అదే.

ఆ చెంచా ఎంత శక్తికి తలుపు తెరుస్తుందో లెక్క వేయవచ్చు. పావు లీటరు నీరు కేవలం 5 డిగ్రీలు అదనంగా వేడెక్కిందనుకుందాం. గ్రాముకు డిగ్రీకి 4.2 జౌళ్ల చొప్పున అందులో దాదాపు 5,250 జౌళ్ల శక్తి అదనంగా ఉంటుంది. గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 జౌళ్లు కావాలి. కాబట్టి ఆవిరిగా మారేది 2.3 గ్రాములే, టీ చెంచాలో సగం కూడా నిండని నీరు. అయితే గ్రాము ఆవిరి దాదాపు 1.7 లీటర్ల చోటు ఆక్రమిస్తుంది. పావు లీటరు కప్పు లోపల క్షణంలో నాలుగు లీటర్ల ఆవిరి పుడితే పైనున్న నీటికి ఎగిరిపోవడం తప్ప మరో దారి లేదు. ఒంటిని ఎక్కువగా కాల్చేది ఆ ఆవిరి కాదు, అది మోసుకొచ్చే మరిగే నీరు.

పొడి వేసినప్పుడు చెంచాకన్నా ఉధృతంగా పొంగడానికి కారణం, పొడి రేణువుల మధ్య వేలాది గాలి గూళ్లు ఒకేసారి నీటిలోకి దిగడం. అదే పొడిని లేదా చక్కెరను వేడి చేయడానికి ముందే కలిపితే ఆ గూళ్లు మొదటి నుంచీ పనిచేస్తాయి కాబట్టి ప్రమాదం బాగా తగ్గుతుందని ఎఫ్‌డీఏ చెబుతోంది. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొక అలవాటు. కప్పు ఓవెన్‌లో పెట్టి మరచిపోవడం, చల్లారాక గుర్తొచ్చి అదే నీటిని మళ్లీ వేడి చేయడం. మొదటిసారి వేడెక్కినప్పుడే నీటిలో కరిగి ఉన్న గాలి చాలావరకు వెళ్లిపోయి ఉంటుంది గనుక, రెండోసారి బుడగలకు ఆసరా మరీ తక్కువ.

ఎగజిమ్మకపోయినా మోసం జరగవచ్చు. పొయ్యి మీద అడుగు నుంచి లేచే వేడి నీరు పాత్రంతా కలియదిప్పుతుంది. మైక్రోవేవ్‌లో పైభాగం ఎక్కువ వేడెక్కితే, వేడి నీరు తేలిక కాబట్టి అది పైనే నిలిచిపోతుంది. పాల సీసా అయితే బయట గోరువెచ్చగా తగిలినా లోపల అక్కడక్కడా నోరు కాల్చేంత వేడి ఉండవచ్చు. పసిపిల్లల పాలను మైక్రోవేవ్‌లో వేడి చేయవద్దని వైద్యులు చెప్పడానికి కారణం ఇదే.

వేడి చేసే ముందే కప్పులో చెక్క చెంచా గాని చెక్క పుల్ల గాని ఉంచితే దాని రంధ్రాల్లోని గాలి బుడగలకు దారి చూపుతుంది. ప్రయోగశాలల్లో ద్రవాలు ఎగజిమ్మకుండా గరుకైన పింగాణీ ముక్కలు వేసేదీ ఇందుకే. ఓవెన్ ఆగాక కనీసం అర నిమిషం తలుపు తెరవకుండా ఉంచాలి. తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోవాలి, కప్పును కుదపకూడదు. 70 డిగ్రీల నీరు పెద్దల చర్మాన్ని లోతుగా కాల్చడానికి సుమారు ఒక్క సెకను చాలు. కప్పులోంచి ఎగిరినది 100 డిగ్రీలకు దగ్గరలో ఉంటుంది.

కాలితే వెంటనే కుళాయి కింద, ధారగా పడే చల్లని నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. రెండు నిమిషాలకే మంట తగ్గినట్టు అనిపించినా చేయి తీయకూడదు, ఎందుకంటే చర్మం లోపలి పొరల్లో వేడి ఇంకా మిగిలే ఉంటుంది. ఐసు, వెన్న, టూత్‌పేస్టు ఏవీ పూయకూడదు. వాపు రాకముందే ఉంగరాలు, చేతి గడియారం తీసేయాలి. చర్మానికి అంటుకుపోయిన బట్టను మాత్రం లాగకూడదు. ముఖం, కళ్లు, చేతులు కాలినా, కాలిన చోటు ఆ మనిషి అరచేతికన్నా పెద్దదైనా, చల్లని నీటితో చేయవలసింది చేసి, శుభ్రమైన పలుచని గుడ్డ వదులుగా కప్పి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.