ట్రైనింగ్ దాఖలా చేతికొచ్చింది, ఉద్యోగం ఏది? సరిహద్దు తాలూకాల గొడవ వెనక 2014 నాటి ఒక సవరణ

సిరొంచ, అహేరి, రాజురా, కిన్వట్, దెగ్లూర్, ధర్మాబాద్. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉండి, ఇంట్లో తెలుగు, కాలేజీలో మరాఠీ నడిచే ఈ తాలూకాల్లో డిగ్రీ ముగించి, ఆఫీసుల్లో, సంస్థల్లో నెలవారీ భత్యం మీద పని నేర్పే రాష్ట్ర పథకం ‘ముఖ్యమంత్రి యువ కార్య ప్రశిక్షణ యోజన’లో చేరిన పిల్లల ప్రశ్న మళ్ళీ ముందుకొచ్చింది. మహారాష్ట్ర అంతటా వినిపిస్తున్న ప్రశ్నే అది: పదకొండు నెలలు మీ ఆఫీసుల్లో పనిచేశాం, ఇప్పుడు ఎక్కడికి పొమ్మంటారు? సర్కారు జవాబూ పాతదే: అది శిక్షణ, నౌకరీ కాదు. ఈ యోజనకు ‘లాడ్కా భావు’ (ముద్దుల సోదరుడు) అన్న వాడుక పేరు ఎలా వచ్చింది, 2024 ఎన్నికల ముందు దానికెంత ప్రచారం జరిగింది అన్నవి అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. ముడి పడింది అంతకు పదేళ్ళ ముందు, సంస్థల్లో కాంట్రాక్టు మీద పని నేర్చుకునే అప్రెంటిస్‌ల కోసం చేసిన చట్టం 22వ సెక్షన్ దగ్గర.

1961లో చేసిన ఆ చట్టంలో 22వ సెక్షన్ నిక్కచ్చిగా ఉండేది. శిక్షణ పూర్తిచేసిన వాడికి ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత యజమానికి లేదు, ఇచ్చినా చేరాల్సిన బాధ్యత వాడికీ లేదు. 2014 డిసెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఈ వాక్యాన్ని తీసేసింది. దాని స్థానంలో, శిక్షణ ముగించిన అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకోవడంపై ప్రతి యజమానీ తనదంటూ ఒక విధానం రూపొందించుకోవాలని రాసింది. ఉద్యోగం ఇమ్మని చట్టం చెప్పలేదు, విధానంలో ఏముండాలో కూడా చెప్పలేదు. కానీ ‘బాధ్యత లేదు’ అన్న మాట పోయింది. ‘మీ విధానం కాగితం చూపించండి’ అని అడిగే వీలొచ్చింది. అదే సెక్షన్ రెండో భాగం ఇంకా గట్టిది: శిక్షణ తర్వాత ఇక్కడే పనిచేయాలన్న షరతు కాంట్రాక్టులో ఉంటే, తగిన ఉద్యోగం ఇవ్వడానికి యజమాని కట్టుబడాలి. సంతకం పెట్టేటప్పుడు ఆ షరతు ఉందో లేదో చూసుకునేవాళ్ళు తక్కువ.

అదే సవరణ ఇంకో తలుపు తెరిచింది. అంతవరకు ఐటీఐ, డిప్లొమా, ఇంజనీరింగ్ వాళ్ళదే అనుకున్న చట్టంలోకి బీఏ, బీకాం, బీఎస్సీ చదివినవాళ్ళూ వచ్చారు. 1995లో ఉత్తరప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట దీనికి తోడు: మిగతావన్నీ సమానమైతే బయటివాళ్ళ కంటే అప్రెంటిస్ చేసినవాడికి ప్రాధాన్యం ఇవ్వాలి, ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి నుంచి పేరు రానక్కర్లేదు, వయసు దాటితే సర్వీసు రూల్స్ ప్రకారం సడలింపు, రూల్స్‌లో లేకపోతే శిక్షణ కాలమంత సడలింపు. అంటే 2014 చివరికి సిరొంచలో బీఏ చదివే అమ్మాయికి కూడా, బలమైనది కాకపోయినా, పట్టుకోవడానికి ఒక కొస దొరికింది.

ఆ కొస ఇక్కడిదాకా ఎందుకు రాలేదు? 2019లో మారిన రూల్స్ ప్రకారం 30 మంది, అంతకు పైన పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. గ్రాడ్యుయేట్‌కు నెలకు కనీసం 9000 రూపాయలు ఇవ్వాలని 2019లో పెట్టారు. కేంద్రం నడిపే నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) కింద అందులో సగం కేంద్రమే తిరిగి ఇస్తుంది. రాజురా, గడ్‌చాందూర్ సిమెంటు ఫ్యాక్టరీలు, సాస్తి బొగ్గు గనులు, బల్లార్‌పూర్ పేపర్ మిల్లు ఈ లెక్కలోకి వస్తాయి. సిరొంచలో 30 మందితో నడిచే ప్రైవేటు సంస్థను వెతకాలి. ఎరువుల దుకాణం, మెడికల్ షాపు, పతసంస్థ (అప్పులిచ్చే సహకార సంఘం), ఇద్దరు ముగ్గురు పనివాళ్ళున్న కంప్యూటర్ సెంటర్, ఇవే అక్కడి సంస్థలు.

ప్రాణహితకు అవతల మంచిర్యాల వైపు అవకాశాలున్నాయి. అప్రెంటిస్ చట్టం కేంద్ర చట్టం, దానికి రాష్ట్ర అధివాస్ దాఖలా (స్థిరనివాస పత్రం) అడ్డం రాదు. తేడా ఒక్కటే: మహారాష్ట్రలోని సంస్థ కేంద్ర అప్రెంటిస్ శిక్షణ బోర్డుల్లో ముంబై బోర్డు కిందికి, తెలంగాణలోని సంస్థ చెన్నై బోర్డు కిందికి వస్తాయి. అయితే అక్కడ శిక్షణ పొందితే తెలంగాణ సర్కారు కొలువుకు దారి పడుతుందనుకోవడం పొరపాటు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం అక్కడ నేరుగా భర్తీచేసే పోస్టుల్లో 95 శాతం స్థానికులవి. ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్ళు ఎక్కడ చదివారన్నదే కొలత. సిరొంచ జిల్లా పరిషద్ బడిలో చదివిన పిల్లకు అది పనికిరాదు. ప్రైవేటు కొలువుకైతే పనికొస్తుంది.

ఇక 2024. జూలై 9 నాటి జీఆర్‌తో (ప్రభుత్వ ఉత్తర్వుతో) వచ్చిన యోజనలో 12వ తరగతి పాసైన వాళ్ళకు 6000, ఐటీఐ, డిప్లొమా వాళ్ళకు 8000, గ్రాడ్యుయేట్లకు 10000 రూపాయల విద్యావేతన్, అంటే నెలవారీ భత్యం. వయసు 18 నుంచి 35, మహారాష్ట్ర అధివాసీ అయి ఉండాలి, ఇంకా చదువుతున్నవాళ్ళు పనికిరారు. మొదట ఆరు నెలలు, 2025లో ఇంకో ఐదు నెలలు కలిపి పదకొండు. డబ్బంతా రాష్ట్ర ఖజానాదే. ఇక్కడే దెబ్బ తగిలింది. అప్రెంటిస్‌ను చట్టప్రకారం తీసుకుంటే 2019 లెక్కన యజమానికి నెలకు కనీసం 4500 చేతి నుంచి పడుతుంది, కాంట్రాక్టు రిజిస్టరు చేయాలి, 22వ సెక్షన్ విధానం ఉండాలి. యోజనలో తీసుకుంటే ఒక్క రూపాయీ పడదు, విధానం కాగితమూ అక్కర్లేదు. ఉచితంగా మనిషి దొరుకుతుంటే కాంట్రాక్టు రాసేవాడెవడు?

యోజన జీఆర్‌లోనే ఇంకో మాట ఉంది. కనీస వేతనం, ఈఎస్ఐ, పీఎఫ్, ప్రమాద పరిహారం, పారిశ్రామిక వివాదాల చట్టాలు ఈ శిక్షణార్థులకు వర్తించవు. అప్రెంటిస్ కూడా కార్మికుడు కాదని చట్టం 18వ సెక్షన్ అంటుంది. అయినా పనిలో దెబ్బ తగిలితే 16వ సెక్షన్ కింద యజమాని పరిహారం ఇవ్వాలి. యోజనలో అదీ లేదు.

సర్కారు వాదన చట్టం దృష్ట్యా బలమైనదే. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది: పరీక్ష, ప్రకటన లేకుండా తాత్కాలికంగా వచ్చినవాళ్ళను పర్మనెంట్ చేయమని అడిగే హక్కు లేదు. శిక్షణార్థుల వాదన వేరే చోట మొదలవుతుంది, దాన్ని కొంచెం వివరంగా వినాలి. ప్రైవేటు సంస్థలు తక్కువున్న తాలూకాల్లో ఈ పిల్లలకు మిగిలేవి గ్రామ పంచాయతీలు, జిల్లా పరిషద్ బడులు, తహసీల్ ఆఫీసులే. సర్కారు ఆఫీసుల్లో ఎంతమందిని తీసుకోవాలన్నది మంజూరైన పోస్టుల్లో 5 శాతంగా లెక్కగట్టారు. ఖాళీ పోస్టు ఉన్న చోట ఆ మనిషి చేసేది ఆ పోస్టు పనే కదా అని వాళ్ళడుగుతారు. శిక్షణ అయితే నేర్పినదెవరు, ఏం నేర్పారు, ఎప్పుడు పరీక్ష పెట్టారు? అప్రెంటిస్‌కు పని రికార్డు ఉంచాలని చట్టం చెబుతుంది. యోజనలో నెలాఖరున పోర్టల్‌కెక్కే ముఖ్యమైన సంగతి హాజరు రోజులు. నెలలో పది రోజులు గైరుహాజరైతే ఆ నెల విద్యావేతన్ లేదు, మొదటి నెలలోనే మానేస్తే అసలే లేదు. హాజరు లెక్కే గాని నేర్చుకున్నదాని లెక్క లేకపోతే, మరో యజమాని ముందు ఆ పదకొండు నెలలను ఏ కాగితం చూపించి రుజువు చేయాలి? ఈ ప్రశ్నకు ‘శిక్షణ, నౌకరీ కాదు’ అన్నది జవాబు కాదు. శిక్షణే అయితే దానికి గుర్తు ఉండాలి.

తెలుగు పిల్లలకు ఇంకో చిక్కు ఉంది, చిన్నదిగా కనిపిస్తుంది గాని డబ్బు ఆపేస్తుంది. మరాఠీ ఫారాల్లో ముందు తన పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటిపేరు. మన ఇళ్ళలో ఇంటిపేరు ముందు. ఆధార్‌లో ఒక వరస, మార్కుల మెమోలో ఇంకో వరస, బ్యాంకులో పొట్టి అక్షరాలు. యోజన నమోదు జరిగే మహాస్వయం పోర్టల్‌లో పేరు సరిపోలదు, ఖాతాకు ఆధార్ సీడింగ్ కాదు, విద్యావేతన్ జమ కాదు. కాలేజీ విడిచే దాఖలా తీసుకునే రోజే మూడింటినీ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తర్వాత సరిచేయించుకోవాలంటే ఒక్కో సవరణకూ ఒక్కో ఆఫీసు తిరగాలి.

ఇప్పుడు ఇదంతా కాలేజీ లోపలికి వస్తోంది. కొత్త విద్యావిధానం కింద మహారాష్ట్ర డిగ్రీల్లో ఆరో సెమిస్టర్‌కు 4 క్రెడిట్ల ఓజేటీ (ఆన్ ది జాబ్ ట్రైనింగ్, పనిచోట శిక్షణ), అంటే 120 గంటలు. రోజుకు ఆరు గంటల లెక్కన ఇరవై రోజులు. అనుబంధ కాలేజీల్లో 2024-25లో చేరినవాళ్ళది మొదటి బ్యాచ్. గోండ్వానా విశ్వవిద్యాలయం కిందున్న గడ్చిరోలి, చంద్రాపూర్ కాలేజీలైనా, నాందేడ్ స్వామి రామానంద్ తీర్థ విశ్వవిద్యాలయం కిందున్న కిన్వట్, దెగ్లూర్ కాలేజీలైనా అవే 120 గంటలకు చోటు వెతకాలి. తేలికగా దొరికేది మళ్ళీ ఆఫీసు బల్లే, అక్కడ చేసేది జిరాక్సులు, డేటా ఎంట్రీ. ఇరవై రోజుల తర్వాత ‘సంతోషకరంగా పూర్తిచేశారు’ అన్న ఒక్క వాక్యం చేతిలో పడుతుంది. ఆ వాక్యానికి ఉద్యోగం రాదు.

చేరకముందే చేయాల్సినవి ఉన్నాయి. సంస్థ ఇచ్చే లేఖలో మెంటార్ (పని నేర్పే మనిషి) పేరు, నేర్పే మూడు నాలుగు పనులు రాయించుకోవాలి: జీఎస్టీ ఇన్‌వాయిస్ ఎంట్రీ, స్టాకు లెక్క, ల్యాబ్‌లో సిమెంటు నమూనా పరీక్ష, ఏదైనా సరే. డైరీలో తేదీ, గంటలు, చేసిన పని, తప్పయితే ఏది, ఎలా దిద్దారు అన్నవి అదే రోజు రాసి వారానికోసారి మెంటార్ సంతకం తీసుకోవాలి. చివరి రోజున ముప్ఫై పేజీలు ముందుంటే మెంటార్ చదవకుండా సంతకం పెడతాడు, వైవాలో (మౌఖిక పరీక్షలో) అది బయటపడుతుంది. సర్టిఫికెట్‌లో గంటల సంఖ్య, పనుల పేర్లు ఉండాలి.

డిగ్రీ అయ్యాక అదే సంస్థలో కొనసాగే మాట వస్తే అడగాల్సింది కాంట్రాక్టు. దాని వివరాలు ఏడు రోజుల్లో అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌కెక్కాలని అప్రెంటిస్ చట్టం చెబుతోంది. రిజిస్ట్రేషన్ నంబరు రాకపోతే అది అప్రెంటిస్‌షిప్ కాదు. సంతకానికి ముందు 22వ సెక్షన్ విధానం కాపీ రాతపూర్వకంగా అడగాలి. ప్రభుత్వరంగ సంస్థయితే సమాచార హక్కు దరఖాస్తుకు పది రూపాయలు. రాజురా, బల్లార్‌పూర్ చుట్టుపక్కల 30 మందికి పైబడిన సంస్థల్లో నాట్స్‌లో నమోదైనవి ఏవో కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ ఐదో సెమిస్టర్ ముగిసేలోపు జాబితా రాసి నోటీసు బోర్డు మీద పెట్టగలదు. సిరొంచ, అహేరి పిల్లలకు అక్కడ ఇరవై రోజుల బస ఎక్కడన్నది కూడా ఆ జాబితా పక్కనే రాయాలి. రోజూ వెళ్ళి వచ్చే దూరం కాదది.