థక్సిన్ షేర్ల తగువు: అసలు ముడి 2001లోనే పడింది

థాయ్‌లాండ్ మాజీ ప్రధాని థక్సిన్ షినవత్ర 1,760 కోట్ల బాత్‌ల పన్ను కట్టాల్సిందేనని అక్కడి సుప్రీంకోర్టు 2025 నవంబరులో తేల్చడంతో పాత లెక్కలన్నీ మళ్ళీ బయటికొచ్చాయి. తీర్పు వచ్చేనాటికే ఆయన బ్యాంకాక్‌లోని క్లాంగ్ ప్రేమ్ జైల్లో వేరే కేసుల్లో ఏడాది శిక్ష అనుభవిస్తున్నారు. ఈ పన్ను 2006 నాటి షేర్ల అమ్మకానికి సంబంధించినది. ఎప్పుడో జరిగిన బేరానికి ఇప్పుడు పన్నేమిటని ఆశ్చర్యపోయేవాళ్ళు మరో అయిదేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

పోలీసు ఉద్యోగంతో మొదలుపెట్టి, కంప్యూటర్లు, మొబైల్ ఫోన్ల వ్యాపారంలో దేశంలోని పెద్ద కోటీశ్వరుల్లో ఒకరైన కథ చాలాసార్లు చెప్పుకున్నదే. దాన్ని వదిలేద్దాం.

1997లో ఆయన కొద్ది నెలలు ఉప ప్రధానిగా ఉన్నారు. మంత్రులంతా తమ ఆస్తుల చిట్టా బయటపెట్టాలని ఆ ఏడాదే వచ్చిన కొత్త రాజ్యాంగం నిబంధన పెట్టింది. థక్సిన్ ఇచ్చిన చిట్టాలో కొన్ని షేర్లు కనిపించలేదు. ఆరా తీస్తే ఇంట్లో పనిమనిషి, డ్రైవరు, సెక్యూరిటీ గార్డు వంటివాళ్ళ పేర్ల మీద తేలాయి. ఆయన ఆస్తులు దాచారని 2000 డిసెంబరు చివర్లో అవినీతి నిరోధక కమిషన్ 8-1 ఓట్లతో తేల్చింది. ఎన్నికలకు అప్పటికి రెండు వారాలు కూడా లేవు. జనం అదేమీ పట్టించుకోలేదు. 2001 జనవరి 6న ఆయన పార్టీ థాయ్ రక్ థాయ్ 500 సీట్లలో 248 గెలుచుకుంది. 30 బాత్‌లకే వైద్యం, ఊరికి 10 లక్షల బాత్‌ల నిధి, రైతుల అప్పుల వసూలుకు మూడేళ్ళ విరామం... ఓటరు వీటిని చూశాడు.

కేసు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్ళింది. నేరం రుజువైతే అయిదేళ్ళు రాజకీయాలకు దూరం. తెలియక జరిగిన పొరపాటే తప్ప దురుద్దేశం లేదని ఆయన చెప్పుకున్నారు. ఆర్థిక సంక్షోభం నుంచి దేశం ఇంకా తేరుకోని రోజులవి. అన్ని సీట్లతో వచ్చినవాణ్ణి దించేస్తే ఏమవుతుందోనన్న భయం ఆయనకు ఓటు వేయనివాళ్ళలో కూడా ఉంది. ఆగస్టు 3న 8-7 తేడాతో ఆయన బయటపడ్డారు.

ఆ ఎనిమిది ఓట్లను విడదీసి చూస్తే సంగతి బోధపడుతుంది. ఆయనకు దురుద్దేశం లేదన్నది వాటిలో నలుగురే. మిగతా నలుగురు దాచారా లేదా అన్నదాని జోలికే పోలేదు. అసలా నిబంధన ఆయనకు వర్తించదని ఊరుకున్నారు. అంటే అసలు ప్రశ్నకు జవాబిచ్చింది పదకొండు మంది, వాళ్ళలో ఏడుగురు తప్పే అన్నారు. రెండు వేర్వేరు జవాబుల్ని ఒకే కుప్పలో పోసి నిర్దోషి అనేశారు. కోటికి పైగా ఓట్లు వచ్చిన నాయకుడు ఎవరో నియమించిన పదిమంది ముందు తలవంచాల్సి రావడమేమిటని తీర్పు తర్వాత థక్సిన్ విసుక్కున్నారు. తర్వాతి కాలంలో ఆయన రాజకీయమంతా ఆ విసుగులోనే ఉంది. ఆ రోజు మొహమాటపడ్డ న్యాయస్థానాలు తర్వాత అందుకు వడ్డీతో సహా వసూలు చేశాయని కూడా అనుకోవచ్చు.

2006 జనవరికి వద్దాం. 20వ తేదీన, వర్జిన్ ఐలాండ్స్‌లో నమోదైన యాంపుల్ రిచ్ అనే కంపెనీ తన దగ్గరున్న సుమారు 33 కోట్ల షిన్ కార్ప్ (థక్సిన్ కుటుంబ టెలికాం కంపెనీ) షేర్లను థక్సిన్ కొడుకు, కూతురికి షేరు ఒక్క బాత్ చొప్పున అమ్మింది. 23న షినవత్ర కుటుంబం తన చేతిలోని 49.6 శాతం వాటా మొత్తాన్నీ సింగపూర్ ప్రభుత్వ సంస్థ టెమాసెక్‌కు 7,330 కోట్ల బాత్‌లకు అమ్మేసింది. షేరు ధర 49.25 బాత్‌లు. స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో జరిగిన అమ్మకం కాబట్టి దీనికి పన్ను లేదు. పన్ను గొడవంతా అంతకుముందు ఒక్క బాత్‌కు జరిగిన అమ్మకం మీదే. టెలికాం కంపెనీల్లో విదేశీ వాటా పరిమితిని 25 నుంచి 49 శాతానికి పెంచిన చట్టం సరిగ్గా ఆ బేరానికి ముందే అమల్లోకి వచ్చింది. అప్పుడు ప్రధాని ఎవరో చెప్పక్కర్లేదు. అప్పటిదాకా చిన్నపాటిగా ఉన్న థక్సిన్ వ్యతిరేకుల (పసుపు చొక్కాలు) నిరసన బ్యాంకాక్ మధ్యతరగతి అంతటికీ పాకింది. సెప్టెంబరు 19న ఆయన న్యూయార్క్‌లో ఉండగా సైన్యం అధికారం లాక్కుంది.

ఆ షేర్లు పేరుకే పిల్లలవి, బంధువులవి, అసలు యజమాని థక్సినే అని 2010 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చి, 4,637 కోట్ల బాత్‌లు జప్తు చేసింది. పన్ను శాఖ మాత్రం అప్పటికే పిల్లలకు నోటీసులిచ్చి ఉంది. షేర్లు వాళ్ళవి కానప్పుడు పన్ను మాత్రం వాళ్ళెందుకు కట్టాలని పన్నుల కోర్టు ఆ ఏడాది చివర్లో వాళ్ళను వదిలేసింది. న్యాయమైన ప్రశ్నే. అధికారులు మళ్ళీ తండ్రి వైపు తిరిగేసరికి 2017 మార్చి వచ్చింది. గడువు మూడు రోజుల్లో ముగుస్తుందనగా బ్యాంకాక్‌లోని ఆయన ఇంటికి వెళ్ళి నోటీసు అతికించి వచ్చారు. ఆయన అప్పటికే విదేశాల్లో ఉంటున్నారు. తనకు విడిగా సమన్లు ఇవ్వకుండా నేరుగా పన్ను ఎలా వేస్తారన్న వాదనను కింది కోర్టులు ఒప్పుకున్నాయి. సుప్రీంకోర్టు ఇప్పుడు ఒప్పుకోలేదు.

ఆయన వర్గం చెప్పేదీ ఉంది. వంట కార్యక్రమం చేశాడని 2008లో తమవాడైన ప్రధాని సమక్‌ను దించినవి, 2014లో చెల్లెలు యింగ్లక్‌ను, 2025 ఆగస్టులో కూతురు పేతోంగ్‌తార్న్‌ను తప్పించినవి కోర్టులే. జనం గెలిపించడం, కోర్టులు ఇంటికి పంపడం అక్కడ రివాజైందన్న వాళ్ళ మాట కొట్టిపారేయలేనిదే.

ఇన్ని కేసుల్లోనూ లేనిదొకటుంది. 2003లో మాదకద్రవ్యాల మీద యుద్ధమంటూ మూడు నెలల్లో 2,500 మందికి పైగా చనిపోయారు. దానికి ఆయన ఏ కోర్టు బోనూ ఎక్కలేదు. 2004 అక్టోబరు 25న దక్షిణ థాయ్‌లాండ్‌లోని తాక్ బాయ్‌లో సైనిక లారీల్లో ఒకరిమీద ఒకర్ని పడేసి తీసుకెళ్ళిన నిరసనకారుల్లో 78 మంది ఊపిరాడక పోయారు. ఆ కేసుకు ఇరవై ఏళ్ళ కాలపరిమితి 2024లో, కూతురు ప్రధానిగా ఉండగా, ముగిసిపోయింది. షేర్ల కాగితాలకున్న ఆయుష్షు వాటికి లేదు.

ఇప్పుడు గొడవ వేరు. జప్తు చేసిన ఆదాయం మీదే మళ్ళీ పన్నేమిటని థక్సిన్ అభిమానులు అడుగుతున్నారు. జప్తు చేసింది పదవిని దుర్వినియోగం చేసినందుకు, పన్ను వేసింది 49 బాత్‌ల షేరును ఒక బాత్‌కు చేతులు మార్చినందుకు, రెండూ వేర్వేరని అటువైపు జవాబు. కట్టకపోతే ఆస్తుల వేట మొదలవుతుంది. అప్పుడు ఏ ఆస్తి ఎవరి పేరున ఉందో వెతికే పని మళ్ళీ పన్ను శాఖదే.