కారవాన్‌లో రెండో టీవీ నల్లబడితే: కేబుల్ గురించి అపోహలు, వాస్తవాలు

"హాల్లో టీవీ బాగానే వస్తోందన్నా, బెడ్‌రూమ్ టీవీ నల్లగా ఉంది. టీవీ పోయింది. కొత్తది కొనేయమంటావా?"

విజయవాడ ఆటోనగర్‌లో షూటింగ్ కారవాన్లకు టీవీ వైరింగ్ చేస్తున్నప్పటి నుంచీ ఈ ఫోన్ వస్తూనే ఉంది. కొనకండి. ముందు ఆ టీవీని విప్పి సెట్‌టాప్ బాక్స్ దగ్గరికి తీసుకెళ్లి, ఒకటిన్నర మీటరు కేబుల్‌తో పెట్టి చూడండి. బొమ్మ వస్తే టీవీకి ఏమీ కాలేదు. పది నిమిషాల పని.

అపోహ: హాల్లో బాక్స్ నుంచి బెడ్‌రూమ్ టీవీకి బొమ్మ తీసుకెళ్లే ఖరీదైన హెచ్‌డీఎంఐ కేబుల్ వేసి దాని మీద ప్లైవుడ్ కొట్టేస్తే, బండి ఉన్నంతకాలం ఇక చూసుకోనక్కర్లేదు.

అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోగొట్టే మాట ఇదే. ఇంటి గోడ కదలదు. బండి బాడీ మాత్రం రోజూ ఊగుతుంది. రేకు అంచు దగ్గర కేబుల్ ఒరుసుకుంటుంది. డిష్ కేబుల్‌కి ఉన్నట్టు హెచ్‌డీఎంఐకి మర బిగింపు లేదు, కుదుపులకి ప్లగ్ మెల్లగా జారుతుంది. ఎంత డబ్బు పెట్టి కొన్నా కేబుల్ ఏదో ఒకరోజు మార్చాల్సిందే. అది చేతికి అందకపోతే సమస్య పదింతలవుతుంది.

ఒకసారి మారేడుమిల్లి షూటింగ్ నుంచి ఒక ఓనరు ఫోన్ చేశారు. నాకు చెప్పేలోపే టీవీ మార్చేశారు, తర్వాత బాక్స్ కూడా మార్చేశారు. అయినా బొమ్మ లేదు. ఆయన గొంతులో టెన్షన్ విని రాజమండ్రి దాకా రైల్లో, అక్కణ్నుంచి జీపులో వెళ్లాను. టీవీని బాక్స్ దగ్గరికి తెచ్చి పెడితే బొమ్మ శుభ్రంగా వచ్చింది. అలమారా వెనక ప్యానెల్ విప్పితే, కేబుల్ ఎల్ ఆకారంలో మడిచి ఉంది, దాని మధ్యలోంచి ప్లైవుడ్ స్క్రూ దిగి ఉంది. కేబుల్ ఖరీదెంత? లామినేట్ వేసిన ఆ ప్యానెల్ విప్పి మళ్లీ బిగించడానికి మూడు రోజులు పట్టింది, ఆ మూడు రోజుల అద్దె కూడా పోయింది. ఆయన తప్పేమీ లేదు. బాడీ కట్టినవాళ్లు "ఇక ముట్టుకోనక్కర్లేదు" అన్నారు, ఆయన నమ్మారు.

కేబుల్‌ని పైపులోనే లాగించండి. హెచ్‌డీఎంఐ ప్లగ్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి 32 మి.మీ. పైపు కావాలి. ఎల్ ఆకారపు ఎల్బోలు వద్దు, పెద్ద వంపులు పెట్టించండి. లోపల ఒక నైలాన్ తాడు వదిలేస్తే రేపు కొత్త కేబుల్ దానికి కట్టి లాగొచ్చు. రేకు రంధ్రం దగ్గర కేబుల్ ఒరుసుకోకుండా రబ్బరు రింగు (గ్రోమెట్), రెండు చివర్లా జానెడు వదులు ఉండాలి. అదే పైపు పక్కన ఒక ఆర్‌జీ6 (డిష్ కేబుల్), ఒక క్యాట్6 (ఇంటర్నెట్ కేబుల్) కూడా ఇప్పుడే లాగేయండి.

పొడవు కూడా కంటితో చూసి లెక్కేయకండి. రెండు టీవీల మధ్య 7 మీటర్లే అనిపిస్తుంది, కేబుల్ పైకప్పుకెక్కి దిగేసరికి 11 అవుతుంది. 4కే 60 హెర్ట్జ్ (సెకనుకు 60 ఫ్రేములు) అయితే మామూలు రాగి కేబుల్‌ని 5 మీటర్లు దాటాక నేను నమ్మను. అంతకు మించితే సిగ్నల్‌ని కాంతి రూపంలో పంపే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ గానీ, హెచ్‌డీఎంఐ సిగ్నల్‌ని క్యాట్6 మీదుగా పంపే ఎక్స్‌టెండర్ గానీ వేస్తాను. ఆప్టికల్‌లో బాక్స్ చివర, టీవీ చివర వేరు. తిరగేసి లాగారంటే బొమ్మే రాదు. బాక్స్ సెట్టింగ్‌లో 4కే తీసి 1080 పెట్టగానే బొమ్మ వచ్చిందంటే, ఆ కేబుల్ 4కే బరువు మోయలేకపోతోందని అనుమానించండి.

అపోహ: కేబుల్ ప్లగ్‌కి బంగారు పూత ఉంటే టీవీలో రంగులు బాగుంటాయి.

ఉండవు. పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది, అంతే. డిజిటల్ సిగ్నల్‌లో కేబుల్ బాగా లేకపోతే తెల్లచుక్కలు మెరుస్తాయి, బొమ్మ ఆగి ఆగి వస్తుంది, లేదా అసలు రాదు. కేబుల్ వల్ల రంగు వెలిసిపోవడమనేది లేదు. కేబుల్ అట్టపెట్టె మీద 2.1 అనే హెచ్‌డీఎంఐ వెర్షన్ నంబరు ఉందా అని కాదు, ప్రీమియం హై స్పీడ్ అనో అల్ట్రా హై స్పీడ్ అనో ఉందా అని చూడండి.

అపోహ: స్ప్లిటర్ (ఒక బాక్స్ బొమ్మని రెండు టీవీలకు పంచేది) పెడితే రెండు గదుల్లో రెండు చానళ్లు.

ఒక బాక్స్ నుంచి ఒకే చానల్ వస్తుంది. వేరే చానల్ కావాలంటే రెండో బాక్స్, దానికి డిష్ నుంచి విడిగా ఇంకో లైను కావాలి. ఇంకో సంగతి, హాల్లో 4కే టీవీ, బెడ్‌రూమ్‌లో పాత టీవీ ఉంటే చాలా స్ప్లిటర్లు రెండింటికీ పాత టీవీ తట్టుకోగల తక్కువ రిజల్యూషనే పంపుతాయి. హాల్ టీవీలో లోపం ఉందని కంగారు పడకండి.

అపోహ: కరెంటు వైర్లూ వీడియో కేబులూ ఒకే పైపులో పోవచ్చు.

వద్దు. 230 వోల్టుల లైనుకి జానెడు దూరంలో లాగండి. దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి.

బాడీ షెడ్డులో బండి ఉన్నవాళ్లు ప్లైవుడ్ కొట్టకముందే ఒకసారి వెళ్లి, పైపు పక్కన కొలత టేపు పట్టి ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. ఏ అలమారా వెనక, నేల నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో పోతోందో అందులో కనిపించాలి.